రఫ్ అన్నదట

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు, వచ్చిన కోపం పోవడానికి మాత్రం ఏ కారణమూ చాలేది కాదు. కడియంలో మా నర్సరీలో గులాబీలకు అంట్లు కట్టుకుంటూ ఉండేవాణ్ణి. తణుకులో సంబంధం ఉందంటే మా పెద్దమ్మ వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. అమ్మాయి అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. చూడగానే నచ్చింది. ఆ సంగతి బయటపడకుండా గంభీరంగా కూర్చుని (ఆ గాంభీర్యం రెండో పూతరేకు దాకానే నిలిచిందట) ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే మధ్యవర్తి పెద్దమ్మకి ఫోన్ చేశాడు. ఆయన నాకు బాబాయి వరస. అందరూ మైకు బాబాయి అంటారు. ఏ కబురైనా కావలసినదానికన్నా గట్టిగా, విన్నదానికన్నా తక్కువగా చెబుతాడు. "వదినా, అమ్మాయి మనవాణ్ణి రఫ్‌గా ఉన్నాడంది" అని, బస్సు వచ్చిందంటూ పెట్టేశాడు.

నేను ముందు సంతోషించాను. సినిమాల్లో హీరోని మెచ్చుకునే మాట కదా అనుకుని అద్దంలో గడ్డం కూడా సవరించుకున్నాను. పెద్దమ్మే నా సంతోషం మీద నీళ్ళు పోసింది. "రఫ్ అంటే చిత్తు కదరా. నువ్వు బడికి మోసిన రఫ్ పుస్తకం గుర్తులేదా? నిన్ను చిత్తు కాగితం అంటోందా ఆ పిల్ల?"

గబగబా ఫోన్లో అర్థం వెతికాను. గరుకు, ముతక, మోటు, దురుసు. ఒక్కో మాటా ముందుదానికన్నా మండించింది. మోటు దగ్గరికొచ్చేసరికి నా చెవులు వేడెక్కిపోయాయి. ఈలోగా పెద్దమ్మ బాబాయికి ఫోన్ చేసి, ఆ పిల్ల నోరు దురుసని మాకూ అనిపించిందని చెప్పెయ్యమంది. (ఆ పిల్ల పెళ్ళిచూపుల్లో మాట్లాడింది "కాఫీ తీసుకోండి" అన్నంతవరకే.)

నేను బండి తీశాను. నడినెత్తిన ఎండ. నన్ను మోటు అనడానికి నువ్వెవరు అని దారి పొడుగునా పైకే అనుకుంటూ వెళ్ళాను. జొన్నాడ దగ్గర ఒక పాయ, సిద్ధాంతం దగ్గర ఇంకో పాయ, రెండు గోదావరులు దాటినా కోపం చల్లారలేదు.

తీరా వెళ్తే వాళ్ళ నాన్నగారు ఎదురొచ్చి, ఎండన పడి వచ్చారు, ముందు మజ్జిగ తీసుకోండి బాబూ అన్నారు. మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని పోట్లాడటం ఎంత కష్టమో పడినవాడికే తెలుస్తుంది. అప్పుడే అమ్మాయి వచ్చింది. ఆవిడ మొహం నాకన్నా ఎర్రగా ఉంది.

"నన్ను రఫ్ అన్నారట" అన్నాను.

"అన్నానండి. కాఫీ అందుకున్నప్పుడు చూశాను. చేతులు రఫ్‌గా ఉన్నాయి, ఒళ్ళొంచి పనిచేసే మనిషే నాన్నా అన్నాను. మిగతా మాటలు మీ బాబాయిగారు ఎక్కడ పారేసుకున్నారో నాకేం తెలుసు? మరి మీవాళ్ళు నన్ను దురుసు అన్నారటగా. ఆ మాటని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా అండి?"

తెలుసు. పొద్దున్నే చూశాను. గ్లాసు పట్టుకున్న నా వేళ్ళకేసి చూసుకున్నాను. ముళ్ళు గీరిన గాట్లు, గోళ్ళ సందుల్లో మట్టి. అంతదూరం మోసుకొచ్చిన కోపం ఎవరి మీద దించుకోవాలో తెలియలేదు. ఆవిడ కోపానికీ అదే ఇబ్బంది వచ్చినట్టుంది. ఇద్దరం ఒకేసారి ఫోన్లు తీశాం.

బాబాయి దొరికాడు. మేమిద్దరం వంతులవారీగా ఆయన్ని దులిపేశాం. ఇద్దరం కలిసి చేసిన మొదటి పని అదే. అంతా విని ఆయన తాపీగా, "నేనేదో రఫ్‌గా చెప్పానమ్మా, ఉన్నదున్నట్టు చెప్పడానికి బస్సు ఆగుతుందా?" అన్నాడు. ఆవిడ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను మిగిలిన మజ్జిగ తాగేశాను.

పెళ్ళయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఆవిడ నన్ను అంతకన్నా పెద్ద మాటలే అంటుంది, అదీ నేరుగా, పూర్తి వాక్యాల్లో. నేను కుర్చీలోంచి లేవను కూడా. ఒక్క మాట పట్టుకుని మండుటెండలో అంతదూరం వెళ్ళిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడిప్పుడు కనబడితే ఆ కోపంలో కాస్త నాకివ్వమని అడగాలనుంటుంది.