తొందరేముంది డాక్టరు కొన్న మెషిన్

ఆ పళ్ల డాక్టరుకి జనం పెట్టిన పేరు ‘తొందరేముంది డాక్టరు’. కుర్చీలో కూర్చున్నవాడు లబోదిబోమంటున్నా సరే, "తొందరేముందండీ, చూద్దాం" అనడం ఆయనకి అలవాటు. హస్తవాసి మాత్రం మంచిది, అబద్ధమెందుకు చెప్పాలి.

పాత ఎక్స్‌రే మెషిన్ పని అయిపోయింది. ఫిల్ము మందునీళ్లలో ముంచి తీస్తే పన్నేదో మచ్చేదో తెలిసి చచ్చేది కాదు. సరే, డిజిటల్‌ది కొందామనుకున్నాడు. అక్కణ్ణుంచి మొదలయ్యాయి వంకలు! ఒకరు తెచ్చిన సెన్సరు, అదే నోట్లో పెట్టే బిళ్ల, లావుగా ఉంది, పేషెంటుకి డోకొస్తుందన్నాడు. ఇంకొకరిది చూసి, వైరు నాలుగు రోజుల్లో తెగుతుందని పెదవి విరిచాడు. మూడోవాళ్లతో, "పంటి వేరు కొస కనిపించకపోతే ఇది నాకెందుకయ్యా? పైగా పేషెంటు ముందు కూడా ఒక తెర ఉండాలి. వాళ్ల నోట్లో ఏముందో వాళ్లకీ తెలియొద్దూ?" అన్నాడు. పాపం సేల్స్‌వాళ్లు కాళ్లరిగేలా తిరిగారు. ఆర్నెల్లు గడిచాయి.

ఆ ఆర్నెల్లూ ఆయన చెల్లెలు దవడ పట్టుకునే బడికెళ్లి లెక్కలు చెప్పింది.

"అన్నయ్యా, పోనీ పెద్దాసుపత్రిలో ఫొటో తీయించుకోనా?" అంది ఒకసారి.

"నేనుండగా ఇంకొకడి దగ్గరికా? జ్ఞానదంతమే, ఇంకేం కాదు. కొత్త మెషిన్ రానీ, మొదటి ఫొటో నీదే."

ఆవిడ మాత్రలు తీసుకుని వెళ్లిపోయింది. పిచ్చితల్లి! అన్న మాటంటే ఆవిడకి వేదం.

మెషిన్ వచ్చింది. అడిగినవన్నీ ఉన్నాయి. చెల్లెల్ని కూర్చోబెట్టి, పల్చటి బిళ్ల నోట్లో పెట్టి, మీట నొక్కాడు. ఫిల్ము రోజుల్లో అయితే కిటికీవైపు తిరిగి చూసుకునేవాడు, మొహం సర్దుకునే వ్యవధి దొరికేది. ఇదేమో రెప్పపాటులో రెండు తెరల మీదా ప్రత్యక్షమైంది. వేరు కొస దాకా గీసినట్టు కనిపిస్తోంది. ఆ కిందే ఎముక చెదలు తిన్నట్టుంది. ఫొటోలో పడినంత మేరా నలుపే.

"ఇందులో జ్ఞానదంతం ఏదన్నయ్యా?"

ఆయన బిళ్ల తీసి, తుడిచిందే మళ్లీ తుడిచాడు.

ఆవిడ తెర వంక చూసింది, ఆయన మొహం వంక చూసింది. "ఆర్నెల్ల కిందట తీసుంటే ఎలా ఉండేది?"

ఏదో ఒక అబద్ధమాడి గట్టెక్కవచ్చు. అదీ చేతకాలేదు ఆ మహానుభావుడికి.

"గడ్డ చిన్నదిగా ఉండేదమ్మా. కోసి తీసేసేవాళ్లు."

"మరి ఇప్పుడో?"

డాక్టరు చెల్లెలి చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు.