ఇటలీ మామ్మగారూ, నా మొహమాటమూ

ఆ రోజుల్లో నాకు ఆకలీ ఎక్కువే, మొహమాటమూ ఎక్కువే. ఆ రెండూ ఒకే ఒంట్లో ఇమడవని తెలుసుకోవడానికి రామచంద్రపురం నుంచి ఇటలీ దాకా వెళ్లాల్సి వచ్చింది.

కాకినాడలో రొయ్యల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, మిషను నడపడం నేర్చుకు రమ్మని నన్ను ఇటలీలో ఓ సముద్రపు ఒడ్డు పల్లెకి వారం రోజులు పంపించారు. కొండవాలున పసుపు, గులాబీ రంగుల ఇళ్లు, కిటికీ నుంచి ఎదుటి కిటికీకి కట్టిన దండేల మీద బట్టలు, ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ గొంతు చించుకుని వాదించుకునే ముసలాళ్లు. మధ్యాహ్నమైతే కొట్లన్నీ మూసి ఊరంతా కునుకు తీసేది (అది చూసి అచ్చం మనవాళ్లే అనుకున్నాను, ఆ నమ్మకమే నా కొంప ముంచింది). నేను దిగిన ఇంటి మామ్మగారు మొదటిరోజు సముద్రపు గుల్లల మాంసం వేసి వండిన పాస్తా పెట్టారు. ప్రాణం లేచొచ్చింది. పళ్లెం ఖాళీ కాగానే గిన్నె తెచ్చి, ఇంకాస్త వెయ్యనా అని సైగ చేశారు. మనవైపు అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టి, "అబ్బే, వద్దండీ, చాలండీ" అన్నాను. రెండోసారి బతిమాలాలి, మూడోసారి చెయ్యి తప్పించి వేసెయ్యాలి, అదీ పద్ధతి. ఆవిడ తలూపి గిన్నె లోపలికి పట్టుకుపోయారు. మళ్లీ రాలేదు.

ఐదు రోజులు ఇదే తంతు. అమ్మ కట్టిచ్చిన జంతికలు మూడోరోజుకే అయిపోయాయి. (బయట కొనుక్కోవచ్చుగా అంటారేమో. ఆవిడ చూస్తే ఏమనుకుంటారోనని అదో మొహమాటం.) ఆరోరోజు, కాస్త ఇంగ్లీషు వచ్చిన ఆవిడ కూతురు నన్ను పక్కకి పిలిచింది.

"అమ్మ వంటింట్లో ఏడుస్తోంది. తన వంట మీకు నచ్చలేదట. ఇక ఎవరికీ గది ఇవ్వనంటోంది."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మా దగ్గర మొదటి వద్దు మర్యాదకి, రెండోది మొహమాటానికి, రెండూ నిజం కాదని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకున్నాను. కూతురు చెబుతుంటే విని మామ్మగారు కళ్లు తుడుచుకుని, గిన్నె తెచ్చారు. పాడు అలవాటు, నా చెయ్యి మళ్లీ అడ్డం వెళ్లింది. ఆవిడ గరిటెతో దానిమీద ఒక్కటిచ్చి, పళ్లెం నింపేశారు. ఆ క్షణాన అమ్మ గుర్తొచ్చి, నాకూ కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు నాకు షుగరు. పెళ్లిళ్లలో నిజంగానే వద్దు మొర్రో అంటున్నా, "ఊరుకోండి బావగారూ, ఒక్క పూతరేకేగా, ఏమవుద్దండీ" అంటూ వేసేస్తున్నారు. నా వద్దుని ఒక్కమాటకే నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఆ మామ్మగారొక్కరే. ఆవిణ్ని కూడా నేనే చెడగొట్టి వచ్చాను.