గ్రీజు పూసిన కంప్యూటర్లు

ముత్తుకూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక ఊరి హైస్కూల్లో నేను లెక్కలు చెబుతాను. మా పిల్లల్లో ఎక్కువమంది చేపల వేటకు వెళ్లే ఇళ్ల నుంచి వస్తారు. వాళ్ల కోసం రెండేళ్ల కిందట పది కంప్యూటర్లు వచ్చాయి. వచ్చిన వారానికే ఆ గదికి తాళం పడింది. ఒక్క మీట ఊడినా పైవాళ్లకు తానే జవాబు చెప్పుకోవాలని హెడ్మాస్టరు గారి భయం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అచ్చం అదే. తనిఖీ రోజు మాత్రం పిల్లల్ని వాటి ముందు కూర్చోబెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకోమని చెప్పి ఫోటో తీసేవాళ్లు.

ఈ ఏడు ఒక ట్రస్టువాళ్లు ఏడో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టారు. నెగ్గితే ఇంటర్ దాకా హాస్టల్లో ఉంచి ఉచితంగా చదివిస్తారు. పరీక్ష కంప్యూటర్ మీదే రాయాలి. మా క్లాసులో ఒక అమ్మాయి ఉంది. నేను బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పేస్తుంది. తండ్రి బోటులో కూలికి వెళ్తాడు, తల్లి ఎండుచేపలు అమ్ముతుంది. పదో తరగతి కాగానే చదువు మాన్పిస్తామని ఇంట్లో ముందే చెప్పేశారు. ఆ సీటు తప్ప ఆ పిల్లకు వేరే దారి లేదు.

తాళంచెవి కోసం రెండు వారాలు హెడ్మాస్టరు గారి చుట్టూ తిరిగాను. "రేపు చూద్దాంలేమ్మా" అనేవారు. పరీక్ష మూడు రోజులుందనగా ఒళ్లు మండి, స్టాఫ్ రూంలో అందరి ముందూ గొంతు పెంచాను. అప్పుడు తీసి బల్ల మీద పడేశారు.

గది తెరిచి చూస్తే, ప్రతి కంప్యూటరు వెనకా వైర్లు పెట్టే రంధ్రాల నిండా నల్లటి గ్రీజు! పక్కనే నిలబడ్డ మా అటెండరు మొహం వెలిగిపోతోంది. ఆయన స్కూలుకు రాకముందు చాలా ఏళ్లు బోటు ఇంజన్ల దగ్గర పనిచేశాడు. వేట ఆపిన రోజుల్లో ఒడ్డుకు లాగిన బోట్ల ఇంజన్లకు గ్రీజు పట్టించి ఉంచడం ఇక్కడ మామూలే.

"ఉప్పుగాలి గదా మేడం, ఇనుముని తినేస్తాది. నెలనెలా ఊడ్చేదానికి సారు తాళమిచ్చినప్పుడు నేనే పూస్తుండా. యాడన్నా తుప్పు కనిపిస్తాదేమో చూడండి" అన్నాడు.

తుప్పు లేని మాట నిజమే. ఆయన్ని తిట్టడానికి మనసు రాలేదు. స్కూలు మొత్తంలో వాటిని పట్టించుకున్న మనిషి ఆయనొక్కడే. స్విచ్ వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే వారం పడుతుందన్నాడు. హెడ్మాస్టరు గారు వచ్చి చూసి, "చూసినారా, అందుకే తెరవొద్దన్నా" అన్నారు. తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు.

ఇక నా ఫోన్లోనే ఆ అమ్మాయికి మాదిరి పరీక్షలు పెట్టాను. జవాబు మీద వేలితో నొక్కుతూ చకచకా చేసేసింది. మౌస్ గురించి నోటితో చెప్పాను. నోటితో చెబితే ఈత వస్తుందా?

నెల్లూరులో పరీక్ష హాలు బయట నేనే ఎదురుచూశాను. బయటికొస్తూనే నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

"అన్నీ వచ్చినయ్యే మేడం. వేలితో నొక్కతానే ఉండా, అది తీసుకోలా. అద్దం ముట్టుకోవద్దని సారు కసిరినాడు. ఆ మౌస్ పట్టుకుంటే బాణం యాడికో పరిగెత్తతాది. ఐదు లెక్కలు చేసేలోపల టైం అయిపోయింది."

ఎంపికైన వాళ్లలో ఆమె పేరు లేదు.

ఆ తర్వాతి సోమవారం హెడ్మాస్టరు గారు కంప్యూటర్ గది రిజిస్టరు పంపారు. ఏ తరగతి పిల్లలు వారానికి ఎన్ని గంటలు వాటి మీద పనిచేశారో అందులో రాయాలి. ఖాళీగా పంపితే పై ఆఫీసు ఊరుకోదని రెండేళ్లుగా టీచర్లందరం రాస్తూనే ఉన్నాం. ఆరు, ఏడు తరగతుల కింద, వారానికి రెండు గంటల చొప్పున, ప్రతి పేజీలోనూ నా సంతకమే. ఈసారి పెట్టనని చెప్పి దాన్ని ఆయన బల్ల మీద పెట్టాను.

"ఇన్నాళ్లూ పెట్టినారు గదమ్మా, ఇప్పుడేమొచ్చింది?" అన్నారాయన, నిజంగానే అర్థంకాక.

మొదటి వారమే పెట్టనని ఉంటే, పై ఆఫీసుకు భయపడైనా ఆ గది అప్పుడే తెరిచేవారు. ఈ మాట ఆ పిల్లకు ఏ మొహంతో చెప్పను?