దారం తెగలేదు

తాతయ్య పాత సోఫాలకు కొత్త రెగ్జిన్ తొడిగేవాడు. ఒక చేత్తో రెగ్జిన్ లాగిపట్టాలి, ఇంకో చేత్తో సుత్తి పట్టాలి. అందుకని మేకులు నోట్లో ఉండేవి. ఎడమ బుగ్గలో గుప్పెడు దాచుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తోసేవాడు. ఆ సమయంలో ఎంత తిట్టినా బదులు చెప్పలేడు గనక, నానమ్మ తిట్లన్నీ అప్పటికి దాచుకునేది.

కొన్నేళ్ల కిందట ఆయన ఎడమ దవడ ఎముకలో నీటితిత్తి పుట్టింది. డాక్టరమ్మ దాన్ని తీసేసి, "ఇది మళ్లీ వచ్చే రకం. నొప్పి లేకపోయినా ఏటా వచ్చి ఎక్స్‌రే తీయించుకోండి" అంది. తాతయ్య బుద్ధిగా తలూపాడు. కానీ దోషి ఎవరో ఆయన బుర్రలో అప్పటికే తేలిపోయింది. మేకులు! ఆ ఇనుము నాని నానే ఎముక పాడైందట. చొక్కా జేబు మీద అయస్కాంతం కుట్టుకుని, మేకుల్ని దానికి అంటించుకోవడం మొదలుపెట్టాడు. ఇక ఎక్స్‌రే ఎందుకు? ఎవరడిగినా అయస్కాంతం చూపించేవాడు, పతకం చూపించినట్టు.

ఆ ఉదయం కుర్చీ అంచు కుట్టి, దారం పళ్లతో కొరికాడు. తెగలేదు. మళ్లీ కొరికాడు. పళ్ల సందులోంచి జారిపోయింది.

నానమ్మ చూడనే చూసింది. "ఏమండీ, ఏమైంది?"

"దారం మంచిది కాదే. నీ నోటిలాగే, ఓ పట్టాన ఆగదు."

ఆవిడ నవ్వలేదు. "నోరు తెరవండి."

"పనుంది."

"తెరవమన్నానా!"

కిటికీ దగ్గరికి లాక్కెళ్లి చూసింది. ఎడమవైపు కింది పళ్లు రెండు చెరోవైపు ఒరిగి ఉన్నాయి.

"నొప్పి లేదు కదే" అన్నాడు నీరసంగా.

"మొదటిసారి మాత్రం ఉందా?"

ఆటోలో తాతయ్య ఒక్క మాట మాట్లాడలేదు. నోట్లో మేకుల్లేకుండా ఆయన అంతసేపు ఊరుకోవడం నానమ్మ ఎన్నడూ ఎరగదు. ఆవిడకు అది చూసే ఎక్కువ భయమేసింది.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుగుకి పట్టింది. ఎముకలో నల్లటి మచ్చ.

"మళ్లీ వచ్చింది."

"దవడ కోసేస్తారా అమ్మా?" అన్నాడు తాతయ్య.

ఆమె మచ్చ కింది అంచు వెంట పెన్ను కదిపింది. తాతయ్య కళ్లు ఆ పెన్ను మొన వెంటే కదిలాయి.

"పలచగానైనా ఎముక అంచు మిగిలింది. ఇంకా ఆలస్యం చేసుంటే, ఏదైనా కొరికినప్పుడు విరిగేది. ఈసారి చుట్టూ ఉన్న ఎముకని కూడా కాస్త అరగదీస్తాం. దవడ నిలుస్తుందనే నా ఆశ."

"ఒక్క మేకు కూడా నోట్లో పెట్టలేదమ్మా!"

"మేకులా? వాటికీ దీనికీ ఏం సంబంధం? తిత్తి పొర రవ్వంత మిగిలినా మళ్లీ పెరుగుతుంది. అందుకే కదా ఏటా రమ్మన్నాను."

తాతయ్య చెయ్యి మెల్లగా జేబు మీది అయస్కాంతాన్ని తడిమింది.

ఆపరేషన్ రోజున చొక్కా విప్పి నానమ్మకిచ్చాడు. ఆవిడ అయస్కాంతం కుట్టిన దారాన్ని పళ్ల మధ్య పెట్టి పుటుక్కున కొరికేసింది.

"చూశారా? దారం మంచిదే. ఇక ఏటా ఎక్స్‌రేకి నాతో రండి."

తాతయ్య ఆవిడ వేలు పట్టుకుని, నర్సు పిలిచేదాకా వదల్లేదు.