సాకు అన్న ఒక్క మాట

కరోనా లాక్‌డౌన్లు పూర్తిగా ముగిసిన మరుసటి ఏడాది, బళ్లారిలో మహిళల ఫుట్‌బాల్ జట్టుకు నేను అసిస్టెంట్ కోచ్‌ని. పదిహేనేళ్లు రైట్ బ్యాక్‌గా, అంటే కుడివైపు కాపు కాసేవాడిగా ఆడి, మోకాళ్లు అరిగాక దొరికిన పని అది. పేరుకే కోచ్‌ని. కోన్లు పేర్చడం, ఐస్ మోయడం, హెడ్ కోచ్ అన్నదానికి తలాడించడం. సబ్‌స్టిట్యూషన్, అంటే ఎవరిని దించి ఎవరిని పంపాలన్నది, పూర్తిగా ఆయన ఇష్టం. అందులో వేలు పెట్టకూడదని మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

జట్టులో సుజాత అని ఒక డిఫెండర్ ఉండేది. ఆలూరు వైపు ఆంధ్రా అమ్మాయి, బళ్లారి జిల్లాలోని దేశనూరుకు కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. కన్నడం ఇంకా పట్టుబడలేదు. ఒక రోజు మా మ్యాచ్ చూసి రాష్ట్ర క్యాంపుకు ఎంపిక చేయడానికి సెలెక్టర్లు వచ్చారు. అందులో పేరొస్తేనే ఆట, లేకుంటే ఇంటిపట్టున ఉండాలని అత్తింట్లో తేల్చి చెప్పారు.

హాఫ్ టైమ్‌లో ఆమె కుంటుతూ వచ్చింది.

"సార్, మోకాలు పట్టుకుంటాండాది. లోపల జారినట్ల ఉండాది."

నేను ఐస్ డబ్బా మూత తీస్తూ, తలెత్తకుండానే "సాకు" అన్నాను.

బళ్లారి బ్రూస్‌పేటలోనే పుట్టినవాడిని, నా తెలుగులో కన్నడం దానంతటదే దొర్లుతుంది. కన్నడంలో సాకు అంటే చాలు. ఆడింది చాలు, కూర్చో అని నా ఉద్దేశం. ఐస్ తీసి ఇటు తిరిగేసరికి ఆమె మైదానంలో మోకాలికి గుడ్డ బిగించుకుంటోంది.

హెడ్ కోచ్ పంపి ఉంటాడనుకున్నాను. వెళ్లి అడగొచ్చు. ఎందుకొచ్చిన గొడవ అనిపించింది. మైదానం అంచు గీత పక్కన నిలబడి ఆమె కుంటడం చాలాసేపు చూశాను. చివరికి ఒక బంతి కోసం గిర్రున తిరగబోయి పడింది. ఇక లేవలేదు. ఏసీఎల్ తెగిందన్నారు. మోకాలి ఎముకలను పట్టి ఉంచే లోపలి కట్టు అది.

ఆసుపత్రిలో కోప్పడ్డాను. "కూసో అంటే యాల పోయినావమ్మా?"

"యాడ కూసో అంటిరి సార్? సాకు అంటిరి. నొప్పని సాకులు చెప్తాండానని అంటాండారనుకుంటి. రోషమొచ్చి పోతి."

లేచి బయటికి వచ్చాను. అక్కడున్న హెడ్ కోచ్‌ను, ఆమెను ఎందుకు పంపారని అడిగితే, "నువ్వే పంపినావనుకుంటినప్పా" అన్నాడు.

మళ్లీ లోపలికి వెళ్లి, నా మాట ఆమెకు వేరేగా వినపడిందని సర్దిచెప్పబోయాను. సుజాత దిండు మీంచి తలెత్తింది.

"నేనంటే చెవుల్తో తప్పు వింటి సార్. మీరు కండ్లతో సూస్తాంటిరి గదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మళ్లీ ఆడలేదు.

ఇప్పుడు ఎవరు కుంటినా చెయ్యి పట్టుకొని తెచ్చి బెంచీ మీద కూర్చోబెడతాను, ఆ తరువాతే హెడ్ కోచ్‌కు చెబుతాను. ఆయన అరుస్తాడు. అలసిపోయాను, అయినా ఆ తిట్లు పడుతూనే ఉన్నాను. నా పని ఇదేనని నాకు తెలియడానికి ఒక మనిషి ఆట పోయింది.