అప్పన్న తాగలేదు

ఈ బరువు నాతోపాటే ముసలిదైంది. ఇన్నేళ్ళూ ఎవరి చెవినా వేయలేదు. నువ్వెవరో నాకు తెలియదు కాబట్టి నీకు చెప్తున్నాను. నా పేరు మాత్రం అడగొద్దు.

మా అన్న కొడుకు చోడవరంలో బ్యాంకు ఉద్యోగి. మా పాత మండువా ఇంటి మీద నవల రాశాడు. ఇల్లు కట్టిన తాతల నాటి నుంచి, అది సగం తగలబడిన రోజు దాకా అన్నీ అందులో ఉన్నాయి. నేను బడి మొహం చూడలేదు. మనవలు పుట్టాక రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. వేలు పెట్టుకుని, కూడబలుక్కుని, ఆ పుస్తకం మొత్తం చదివాను. నేను చెప్పిన అబద్ధం అందులో అచ్చయి కనబడింది. నోటి మాటైతే గాలికి పోతుంది. ఇది పోదు.

చదివినవాళ్ళు తలోమాటా అన్నారు. ఒకాయన ఏడ్చేశానన్నాడు. గోవాడ నుంచి ఇంకొకాయన, మీ గొప్పలు మీరే రాసుకున్నారు, ఆ ఇంట్లో చాకిరీ చేసినవాళ్ళేరీ అని దులిపేశాడు. పొగడనీ, తిట్టనీ, నాకు ఒకటే అనుమానం. నిప్పు సంగతి ఎత్తుతారా? ఎత్తినవాళ్ళ మొహంలోకే చూసేదాన్ని. వీడికి తెలుసా? వీళ్ళ అమ్మమ్మ ఏమైనా చెప్పి పోయిందా? నన్ను చూసి ఎందుకు నవ్వాడు? ఒక పెళ్ళిలో పక్కన కూర్చున్నావిడ ఆ నవల చదివానని అనగానే విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను.

నవలలో ఉన్నదేమిటంటే, బెల్లం వండే అప్పన్న తప్పతాగి పొయ్యి దగ్గర పడి నిద్రపోయాడు. నిప్పు చెరకు పిప్పి కుప్పకీ, అక్కణ్ణుంచి ఇంటికీ అంటుకుంది. చాలామందికి ఆ భాగమే నచ్చిందట.

మొన్న మేనల్లుడు వచ్చి కూర్చున్నాడు.

"అత్తా, అప్పన్న నిజంగా తాగీసి పడుకున్నాడా?"

"ఇప్పుడెందుకురా ఆ గోల?"

"వడ్డాది నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మా నాన్న సుక్క ముట్టలేదు, మీకెవరు సెప్పేరని ఒకటే ఏడుపు. అప్పన్న కూతురంట."

"కూతురయ్యుండి తండ్రిని తాగుబోతంటాదేటి?"

"నువ్వే కదత్తా సెప్పేవు!"

"సెప్తే? రాసీసి ఇప్పుడు నన్నడుగుతావేటి? పోలీసోడివా?"

వాడు నవ్వేశాడు. "సరేలే. మళ్ళీ అచ్చేయిస్తన్నాను. అలాగే ఉంచీనా?"

"ఉంచీ" అన్నాను.

జరిగింది ఇది. నేనప్పుడు కొత్తగా పెద్దమనిషినైన పిల్లని. ఆ రోజు బయట ఉన్నాను. బయట ఉన్న ఆడది బెల్లం పొయ్యి ఛాయలకు పోతే పాకం గట్టిపడదని మావాళ్ళ నమ్మకం. అందుకని పెరట్లో, పిప్పి కుప్ప పక్కన చాప వేసి కూర్చోబెట్టారు. పని సందట్లో అన్నం పెట్టడం మరిచిపోయారు. చిలగడదుంపలు దొరికితే కాల్చుకుందామని, ఎవరూ చూడకుండా పొయ్యి దగ్గరికే పోయి నిప్పులడిగాను. అప్పన్న నా మొహం చూశాడు. కుండపెంకులో నిప్పులు తీసి ఇచ్చాడు. దుంపలు తిన్నాను. నిప్పు ఆర్పలేదు. నిద్రపోయింది నేను.

మంట లేచాక కడవతో ముందు పరిగెత్తుకొచ్చింది అప్పన్నే. కునుకు తీసి కొంప ముంచావురా అని మా నాన్న అతని మీద పడ్డాడు. అప్పన్న నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. నన్ను కాపాడాడా? చెప్పినా ఎవరూ నమ్మరనుకున్నాడా? ఎప్పటికైనా చెప్తాడని, అతను ఊరు విడిచిపోయాక కూడా, అతన్నే అనుమానిస్తూ బతికాను. చెప్పలేదు. తరవాత అతన్ని ఎవరూ బెల్లం వంటకి పిలవలేదని విన్నాను.

ఆనాడు చిన్నదాన్ని, భయపడ్డాను. సరే. మేనల్లుడు నవల కోసం అడగడానికి వచ్చిననాడు నాకేం భయం? ఎందుకు నిద్రపోయాడని వాడు తవ్వుతాడేమోనని, తాగి అని కలిపాను. ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. మా నాన్న కూడా అనలేదు. కాళ్ళు బారజాపుకుని, కాఫీ తాగుతూ, ఈ వయసులో చేశానా పని.

ఇది చదివితే మేనల్లుడు నన్ను పోలుస్తాడు. పోల్చనీ. వడ్డాది ఆవిడ చదివితే ఏం తిట్టినా తక్కువే. క్షమించమని అడగను, ఆ మొహం నాకు లేదు. నిప్పు నాది. నిద్ర నాది. తాగుడు నేను పుట్టించింది. రాసేశాను. ఇన్నాళ్ళకి ఊపిరి కిందిదాకా దిగింది.