అమ్మ నూనె కోసం ప్రార్థన

నా పాపిట వెడల్పవుతోందని మొదట కనిపెట్టింది అమ్మే. నలభై రాకముందే తల పల్చబడిన ఆడదానికి క్యాంపస్‌లో పాఠం చెప్పడం ఎంత నరకమో ఎవరితో చెప్పుకోను? హాజరు వేయడానికి తల వంచితే ముందు బెంచీ వాళ్ళకు నా నడినెత్తి కనిపిస్తుంది. అందుకని రిజిస్టరును మొహం దాకా ఎత్తి పట్టుకుని పేర్లు పిలిచేదాన్ని.

అమ్మకు మాత్రం ఇది సిగ్గుపడాల్సిన సంగతిగా తోచనే లేదు. పొద్దున్నే వాకింగ్‌కని తార్నాకలోని మా ఇంటి నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వచ్చి, మా డిపార్ట్‌మెంట్ వెనక నీళ్ళ పైపు కారేచోట గుంటగలగరాకు కోసుకెళ్ళేది. నా విద్యార్థులెవరైనా చూస్తారేమోనని చచ్చేదాన్ని. శనివారం సాయంత్రం ఆ ఆకు రసం, మెంతులు, కరివేపాకు కొబ్బరినూనెలో వేసి చిటపటలు ఆగేదాకా సన్నసెగ మీద కాచేది. గోరువెచ్చగా ఉండగానే నా తలకు పట్టించేది. "కంగారు పడకే, కుదుళ్ళు బతికే ఉన్నాయి" అనేది. రాలిన వెంట్రుకల్ని నేను ఆమెకు కనపడకుండా పిడికిట్లో దాచుకునేదాన్ని.

ఆదివారం ఒక్కటే నాకు కాస్త ఊపిరాడేది. మా చర్చిలో ఆడవాళ్ళు ముసుగు లేకుండా కూర్చోరు. చున్నీ కప్పుకుంటే నేనూ అందరిలాంటిదాన్నే.

ఒక ఆదివారం పాస్టరుగారు ప్రార్థన మనవులుంటే చెప్పమన్నారు. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు, ఒకరు కొడుకు ఉద్యోగమన్నారు. ఇంతలో నా పక్కనున్న అమ్మ లేచి నిలబడింది.

"మా అమ్మాయికి జుట్టు తెగ ఊడిపోతందండి. నూనె కాచి రాస్తన్నాను. ఆ నూనె పనిచెయ్యాలని ప్రార్థించండి."

భూమి చీలితే బాగుండుననిపించింది. పాస్టరుగారు నా తలనూ, అమ్మ నూనెనూ కలిపి దేవుడికి అప్పజెప్పారు. వెనక వరసలోంచి గట్టిగా "ఆమెన్" వినిపించింది. ఆ గొంతు మా డిపార్ట్‌మెంట్ ఆఫీసులో పనిచేసే ఆవిడది. క్యాంపస్‌లో ఎవరికీ తెలియకూడదని ఇన్నాళ్ళూ దాచింది తెల్లారేసరికి అందరికీ తెలిసిపోతుంది. అమ్మ మీద ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

ఆరాధన అయ్యాక తప్పించుకుని పోబోతుంటే ఆవిడ వరండాలో నన్ను పట్టుకుంది.

"ఏంది మేడం, గంత సిగ్గుపడుతున్నరు? గీడ సూడుండ్రి" అంటూ తలమీది కొంగు తీసేసి వంగింది. ఆవిడ పాపిట నాకంటే వెడల్పుగా ఉంది. "రెండో బిడ్డ పుట్టినకాడికెల్లి గిట్లనే. ఎవ్వలకు చెప్పలే."

ఆమెను చూసి మా చర్చిలో పాటలు పాడే ఆవిడ కూడా కొంగు దించింది. ఆ తర్వాత ఇంకొకావిడ. చూస్తుండగానే అమ్మ చుట్టూ ఆడవాళ్ళు మూగి, తలలు వంచి చూపించడం మొదలుపెట్టారు. అమ్మ ఒక్కొక్కరి నెత్తినీ వేళ్ళతో తడిమి చూస్తోంది.

"ఆంటీ, మాకు గూడ జెర నూనె ఇయ్యరాదు?"

"ఇస్తానమ్మా, అందరికీ కాస్తాను" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ తియ్యవే, వెలుతుర్లో చూస్తాను" అంది.

"ఇంటికెళ్దాం పదమ్మా" అన్నాను, చున్నీ నుదుటి మీదికి లాక్కుంటూ.

అంతమందిలో ముసుగు తియ్యనిది నేనొక్కదాన్నే. దారి పొడుగునా సిగ్గుతో అమ్మ మొహం చూడలేకపోయాను.